గుణదల మెట్ల దగ్గర నేను కోసేసిన రెండు పేజీలు

విజయవాడలో ఒక వారపత్రికకు ఇరవై ఎనిమిదేళ్లపాటు కథలూ సీరియళ్లూ చూశాను. చూడటమంటే చదవటం, ఎంచటం, దిద్దటం, రచయితలతో పోట్లాడటం, పోట్లాడాక కాఫీ ఇప్పించటం. ఆ పత్రిక ఇప్పుడు లేదు. నేనూ రిటైరయ్యాను. సీరియళ్లు మాత్రం ఎక్కడికీ పోలేదు, ఫోన్లలోకి వెళ్లాయి. ఈమధ్య అలాంటి కథల యాప్‌లో కొత్తగా చేరిన ఇద్దరమ్మాయిలు మా ఇంటికి వచ్చారు.

"మేడమ్, దేవుడి సబ్జెక్టు వస్తే ఏం చెయ్యాలో తెలియట్లేదండీ. వదిలేద్దామంటే చదివేవాళ్లు అదే కావాలంటున్నారు. ముట్టుకుందామంటే భయం" అన్నారు.

వాళ్లకు నోటితో చెప్పినదాన్నే ఇక్కడ కాగితం మీద పెడుతున్నాను. నా ప్రమోషన్ల సంగతి ఎవరికీ అక్కర్లేదు. నేను చేసిన ఒక పెద్ద తప్పు మాత్రం పనికొస్తుందనుకుంటాను.

తెలియదన్నందుకు ఉద్యోగం

మాది ఉయ్యూరు దగ్గర పల్లెటూరు. మా నాన్న చెరుకు నాటే ముందు దండం పెట్టేవారు, నరికే ముందు పెట్టేవారు, ఫ్యాక్టరీకి బండి కట్టే ముందూ పెట్టేవారు. ఇంట్లో పూజకు లోటు లేదు. నాకే ఎందుకో కాలేజీ రోజుల నుంచి ఆ విషయం తేలలేదు. దేవుడు లేడనేంత ధైర్యం లేదు, ఉన్నాడనేంత నమ్మకమూ కుదరలేదు. ఇంట్లో చెబితే బెంగపెట్టుకుంటారని దాచుకునేదాన్ని.

ఇంటర్వ్యూ రోజున ఎడిటర్ వెంకటాచలం గారు అదే అడిగారు. నుదుటి నిండా విభూతి, జేబులో రెండు పెన్నులు, బల్ల మీద ప్రసాదం పొట్లం. చూడగానే ఈ ఉద్యోగం నాకు రాదనుకున్నాను.

"దేవుడి మీద నమ్మకం ఉందా అమ్మా?"

"తెలియదండీ."

"తెలియదంటే?"

"ఉన్నాడో లేడో తెలియదండీ. చాలా ఆలోచించాను. తేలలేదు."

ఆయన ప్రసాదం పొట్లం విప్పి నా ముందుకు జరిపారు. "తీసుకోండి. సోమవారం నుంచి రండి. భక్తి సీరియల్ వస్తే నేను ముందే దండం పెట్టేస్తాను, తప్పులు కనపడవు. దేవుడు లేడనేవాడు మొదటి పేజీలోనే పక్కన పడేస్తాడు. తెలియనివాళ్లయితే చివరిదాకా చదువుతారు" అన్నారు.

మెచ్చుకోలుగా అన్నారనే అనుకున్నాను. కొన్నేళ్ల తర్వాత గానీ అందులో నాకొక హెచ్చరిక కూడా ఉందని తెలియలేదు.

మా స్వామి ఇంత సులువుగా పలకడు

మొదటి ఏళ్లలో నా పని ఎక్కువగా అద్భుతాలను తగ్గించటం. అప్పట్లో మాకు బాగా పేరున్న రచయిత ఒకాయన ఉండేవారు. ఆయన నవలల్లో గుడి కింద సొరంగం తప్పనిసరి. సొరంగంలో పాము, పాము వెనక తలుపు, తలుపు వెనక వచ్చే వారం. పాఠకులు ఊపిరి బిగబట్టి చదివేవారు, నేనూ అలాగే చదివేదాన్ని. ఒక నవలలో మాత్రం హీరో నాలుగుసార్లు చావబోయి, నాలుగుసార్లూ విగ్రహం కళ్లు తెరవటంతో బతికి బయటపడ్డాడు. మూడోసారి నేను ఫోన్ చేశాను.

"దేవుడి దగ్గర లాజిక్ అడుగుతారేంటండీ?" అన్నారాయన.

"దేవుణ్ణి అడగట్లేదండీ. మిమ్మల్ని అడుగుతున్నాను."

ఆయన నవ్వేసి, నాలుగోదీ అలాగే పంపారు. అచ్చు వేశాం. ఆ వారం ఇబ్రహీంపట్నం నుంచి ఒకావిడ ఉత్తరం రాసింది. ముప్పై ఏళ్లుగా శనివారాలు ఉపవాసం ఉంటున్నానని మొదలుపెట్టి, 'మా స్వామి ఇంత సులువుగా పలకడండీ, మీ రచయిత గారికి ఎవరో తప్పు చెప్పారు' అని ముగించింది. ఆ ఉత్తరం రచయితకు పంపాను. ఆయన తర్వాతి నవలలో విగ్రహం చివరిదాకా కళ్లు తెరవలేదు. అది ఆయన రాసినవాటిలోకెల్లా బాగా ఆడింది.

చేరిన కొత్తలో నేను భక్తులైతే ఏ అద్భుతమైనా మింగేస్తారనుకునేదాన్ని. అది తప్పు. కథలో దేవుణ్ణి చవకగా వాడితే ముందు కోపం వచ్చేది నమ్మినవాళ్లకే. వాళ్లు ఎన్నో అడిగి ఉంటారు, చాలావాటికి జవాబు రాక ఊరుకుని ఉంటారు. నాలాంటివాళ్లకు అది చిరాకు మాత్రమే, వాళ్లకు అవమానం.

ఫిలోమినా టీచర్

నేను చేరిన పదో ఏటో పదకొండో ఏటో గుణదల నుంచి ఒక నవల మొదటి భాగాలు వచ్చాయి. రాసినావిడ ఫిలోమినా గారు, హైస్కూల్లో లెక్కల టీచరు. గీతల కాగితాల మీద కొట్టివేతలు లేని దస్తూరి. నవలలో కథానాయిక స్టెల్లా, ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. భర్త లారీ డ్రైవరు, నెలలో ఇరవై రోజులు ఊళ్లో ఉండడు. అత్త అన్నమ్మ, జపమాల చేతిలోంచి దించని మనిషి. అయిదేళ్ల కూతురు చిన్నికి జ్వరం వస్తుంది. ఎందుకొచ్చిందో డాక్టర్లకు అంతుపట్టదు, తగ్గదు. వార్డులో ఎందరో తల్లులు ప్రార్థన చేయటం స్టెల్లా చూసింది. కొందరి పిల్లలు ఇంటికి వెళ్లారు, కొందరి పిల్లలు వెళ్లలేదు. రెండు రకాల తల్లులూ ఒకేలా ప్రార్థన చేశారు. తన బిడ్డ మంచం పట్టిన రోజు నుంచి స్టెల్లాకు ప్రార్థన నోట రాదు.

చదివి, వెంటనే మళ్లీ మొదటినుంచి చదివాను. నేను ఇంట్లో ఎవరికీ చెప్పుకోని సంగతి, ఎప్పుడూ చూడని ఒకావిడ తెల్ల చీర కట్టించి నర్సు ఉద్యోగమిచ్చి నడిపిస్తోంది. వెంకటాచలం గారి దగ్గరికి వెళ్లి ఈ నవల వేయాల్సిందేనని పట్టుబట్టాను. ఆయన రెండు భాగాలు చదివి, "వేద్దాం. ఆ అత్తగారు బాగుందమ్మా" అన్నారు. అత్తగారిని నేను అంతగా పట్టించుకోలేదు.

నవల మొదలైంది. ఫిలోమినా గారు ప్రతి వారం ఒక భాగం కవర్లో పెట్టి పంపేవారు. గుణదలలో ఉన్న పాఠకులు ఆమెను రోడ్డు మీద ఆపి, "పాపకి ఎట్లా ఉంది టీచర్ గారూ" అని అడిగేవారట.

రెండు పేజీలు

పదకొండో భాగంలో అన్నమ్మ మొక్కుకుంటుంది, కొబ్బరికాయతో కొండెక్కి మేరీమాత దగ్గర కొవ్వొత్తి వెలిగిస్తానని. మోకాళ్ల నొప్పులు, ఒంటరిగా ఎక్కలేదు. స్టెల్లా వెంట వెళుతుంది. చివరి రెండు పేజీలు కొండ మీదివి.

ఆ రెండు పేజీలు అందుకోగానే నా కళ్లకు మూడు మాటలు తగిలాయి: కొండ, కొవ్వొత్తి, కన్నీళ్లు. అయిపోయింది అనుకున్నాను. ఇన్ని వారాలు నిజాయితీగా నిలబడిన స్టెల్లాను ఈవిడ చివరికి మోకరిల్లేలా చేస్తోంది, అందరు రచయితల్లాగే భయపడిపోయింది అనుకున్నాను. సరిగ్గా చదవలేదు. రెండు పేజీలూ తీసి పక్కన పెట్టి, వాటి బదులు నేనే మూడు వాక్యాలు రాశాను. 'స్టెల్లా మొదటి మెట్టు దగ్గర ఆగింది. పైకి చూసింది. వెనక్కి తిరిగింది.' రాసి, పెన్ను మూతపెట్టి, చాలా గొప్పగా ఉందనుకున్నాను.

ఆమె ఫోన్ నంబరు నా దగ్గర ఉంది. చేయలేదు. పరీక్షల రోజులు, పేపర్లు దిద్దుకుంటూ ఉంటారు, ఇబ్బంది పెట్టటం ఎందుకని నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతి, అడిగితే ఒప్పుకోరని నాకు తెలుసు.

సంచిక బయటికి వచ్చిన మర్నాడు ఫిలోమినా గారు ఆఫీసుకు వచ్చారు. ఆమెను చూడటం అదే మొదటిసారి. పొట్టిగా, నేత చీరలో, చేతిసంచిలో పత్రికతో. కేకలు వేస్తారేమోనని చూశాను. వేయలేదు. కుర్చీలో కూర్చుని, మంచినీళ్లు తాగి, పత్రిక తెరిచి నా మూడు వాక్యాల మీద వేలు పెట్టారు.

"స్టెల్లా వెనక్కి తిరిగింది సరేనండీ. మరి వాళ్లత్త ఏమైంది?"

నాకు అర్థం కాలేదు.

"దీనికి ముందు పేరాలోనే ఇద్దరూ ఆటో దిగారు. ఆవిడ చెయ్యి స్టెల్లా చేతిలో ఉంది. మోకాళ్ల నొప్పులావిడ, ఇంకో చేతిలో కొబ్బరికాయ. స్టెల్లా తిరిగి వెళ్లిపోతే ఆవిడ ఎక్కడున్నట్టండీ? మెట్ల మధ్యలో నిలబెట్టి వచ్చేసిందా?"

అన్నమ్మను నేను పూర్తిగా మర్చిపోయాను.

"నేను రాసింది చదివారా, చదవకుండా తీసేశారా?"

"సరిగ్గా చదవలేదండీ" అన్నాను. ఆ ఒక్కటైనా నిజం చెప్పినందుకు ఇప్పటికీ కాస్త ఊరట.

"అయితే ఇక్కడితో ఆపేయండి. మిగతా భాగాలు ఇవ్వను" అని సంచి భుజానికి తగిలించుకుని వెళ్లిపోయారు.

అప్పుడు పక్కన పెట్టిన ఆ రెండు పేజీలు తీసి చదివాను. అందులో స్టెల్లా మోకరిల్లలేదు. మలుపు దగ్గరల్లా ఆగి అత్త నాడి చూస్తూ, అత్తను కూర్చోబెడుతూ, గంట పట్టించి పైకి తీసుకెళుతుంది. మేరీమాత విగ్రహం ఉన్న గుహ ముందు నిలబడ్డ జనాన్ని చూస్తే ఆమెకు ఆసుపత్రిలో ఓపీ గుర్తొస్తుంది. ఎవరికి ఏ జబ్బో మనసులో పోల్చుకుంటూ ఉంటుంది. కన్నీళ్లు అన్నమ్మవి. స్టెల్లాకు అక్కడ కూడా ప్రార్థన రాదు. చివరికి విగ్రహం వైపు చూసి ఒక్క మాట అంటుంది: 'నేనేమీ అడగట్లేదు. ఈవిణ్ణి కిందికి దింపటమే ఎట్లాగో చూడు.'

నేను రాయలేని వాక్యం అది. దాన్ని తీసేసి నా మూడు వాక్యాలు పెట్టాను. ఆ మధ్యాహ్నం అన్నం డబ్బా తెరవలేదు.

కొండ

వెంకటాచలం గారికి అంతా చెప్పాను. ఆయన తిట్టలేదు. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది. "భక్తుడైతే కళ్లు మూసుకుంటాడన్నాను. మీరూ మూసుకున్నారు. ఆదివారం గుణదల వెళ్లండి" అన్నారు.

ఆదివారం పూజ అయ్యేదాకా చర్చి బయట నిలబడ్డాను. ఫిలోమినా గారు బయటికి వచ్చి నన్ను చూసి ఆశ్చర్యపోలేదు.

"తప్పు చేశానండీ" అన్నాను.

"తెలుసు. చెప్పులు అక్కడ వదలండి. పైకి వెళ్దాం."

"నాకు ఇట్లాంటివి..." అని నసిగాను.

"నమ్మకం లేదు. అంతేగా? మెట్లెక్కటానికి కాళ్లుంటే చాలండీ."

ఎక్కాం. పండగ రోజులు కావు కాబట్టి జనం పలచగా ఉన్నారు. ఓ కుటుంబం గుండ్లు చేయించుకుని దిగుతోంది. చంటిపిల్ల తన గుండు తడుముకుంటూ నవ్వుతోంది. సగం ఎక్కేసరికి నాకు ఆయాసం, ఆమెకు ఏమీ లేదు. ఒక చదును దగ్గర కూర్చున్నాం. కింద ఏలూరు కాలవ, రైలు పట్టాలు, ఇళ్ల డాబాల మీద ఆరేసిన బట్టలు కనిపిస్తున్నాయి.

"మీకు ఎప్పుడూ అనుమానం రాలేదాండీ?" అని అడిగాను.

ఆమె నావైపు కాస్త జాలిగా చూశారు. "స్టెల్లా ఎక్కణ్ణుంచి వచ్చిందనుకున్నారు? మా ఆయన పోయినప్పుడు ఆర్నెల్లు ఈ మెట్ల వైపు రాలేదు. తర్వాత వచ్చాను. నమ్మకం తిరిగొచ్చి కాదు. మా అత్తగారు ఎక్కుతానంది, ఎవరో ఒకళ్లు పట్టుకోవాలిగా. ఆవిడ పోయాక నేనొక్కదాన్నే ఎక్కుతున్నా. నమ్మకం కొన్నాళ్లుంటుంది, కొన్నాళ్లుండదు. పిల్లలకి రోజూ చెప్పేదే. ఎక్స్ విలువ తెలీదని లెక్క మొదలుపెట్టకుండా కూర్చోంగా."

లేచి చీర దులుపుకుంటూ మళ్లీ అన్నారు. "మీరు తెలీదని కింద ఆగుతారు. నేను తెలీదని ఎక్కుతాను. ఇద్దరం ఒకటేనమ్మా. నా మనిషిని మీ మనిషిగా మార్చబోయారు, అదీ నాకు కోపం."

పైకి వెళ్లాక ఆమె కొవ్వొత్తి వెలిగించారు. నేను పక్కన నిలబడ్డాను. నాకేమీ జరగలేదు. జరిగిందని రాస్తే బాగుండేది గానీ జరగలేదు. గాలి మాత్రం చాలా బాగుంది, దిగేటప్పుడు ఆవిడ కొనిచ్చిన మరమరాలు ఇంకా బాగున్నాయి. కింద చెప్పులు వేసుకుంటుంటే, రెండు పేజీలూ వచ్చే సంచికలో వేయాలనీ, తీసేసింది ఎవరో చెప్పాలనీ షరతు పెట్టారు. ఒప్పుకున్నాను.

సవరణ

సవరణ నేనే రాశాను. 'స్థలాభావం వల్ల గత సంచికలో' అని మొదలుపెట్టాను. వెంకటాచలం గారు ఆ మాట కొట్టేశారు.

"స్థలాభావం ఏంటమ్మా? ఆ వారం సబ్బుల ప్రకటన రాక అరపేజీ ఖాళీ ఉంటే ముగ్గు వేశాం."

మళ్లీ రాశాను. ఆ పేజీలను కథల విభాగం చూసే సుభద్ర, అంటే నేను, రచయిత్రిని అడగకుండా తీసేశానని, అది పొరపాటని. అచ్చులో నా పేరు అంత స్పష్టంగా కనిపించటం అదే మొదటిసారి.

ఉత్తరాలు వచ్చాయి. పత్రిక క్రైస్తవ మత ప్రచారం చేస్తోందని ఒకాయన, మేరీమాతను అవమానించిందని ఇంకొకాయన ఒకే రోజు రాశారు. వెంకటాచలం గారు రెండూ పక్కపక్కన పెట్టుకుని సంబరపడ్డారు, ఇద్దరికీ కోపం వచ్చిందంటే మనం సరిగ్గా ఉన్నట్టేనని. ఈ ఒక్క విషయంలో ఆయనతో నాకు పేచీ. ఇద్దరికీ కోపం తెప్పించటం ఏ చెత్త రచనకైనా సాధ్యమే. నాకు కొలతగా నిలిచింది మూడో ఉత్తరం. మంగళగిరి నుంచి, మగ్గం నేసే ఇంటి కోడలు రాసింది. 'మా అత్తను పానకాల స్వామి దగ్గరికి నేనే ఎక్కిస్తాను. నాకు భక్తి అంతంతమాత్రం. ఆవిడ స్వామికి పానకం ఇస్తుంటే నేను ఆవిడ మోకాళ్ల వంక చూస్తుంటాను. మీ స్టెల్లాది మా ఇంటి కథే.' ఫిలోమినా గారికి ఆ ఉత్తరం ఫోన్లో చదివి వినిపించాను. చివరి వాక్యం మళ్లీ చదవమన్నారు. తర్వాత, "పన్నెండో భాగం రేపు పంపిస్తాను" అన్నారు.

యాప్‌లో పనిచేసే అమ్మాయిలకు చెప్పేదీ ఇదే. మీకు నమ్మకం ఉంటే నమ్మకం లేని పాత్రను ఒకటికి రెండుసార్లు చదవండి, లేకపోతే నమ్మే పాత్రను అలా చదవండి. మనకు నచ్చని చోటే మన చెయ్యి కత్తెర మీదికి పోతుంది. ఆ మతంలో పుట్టి పెరిగినవాళ్లను ఇద్దరిని అడగండి, చిన్న చిన్న తప్పులే ఎక్కువ నొప్పిస్తాయి. చివరి భాగంలో ఎవరినీ మార్చెయ్యకండి, నాస్తికుణ్ణి భక్తుడిగా గానీ, భక్తురాల్ని నాస్తికురాలిగా గానీ. మనుషులు శుభం కార్డు కోసం మారరు. వివాదం వస్తుందని భయపడి దేవుడి ఊసే లేకుండా చేస్తారేమో, అలా చేస్తే మన ఊళ్లలో మనుషులు సగం మాయమైపోతారు.

పాపకు తగ్గింది

చివరి భాగానికి ముందు వారం ఫిలోమినా గారు ఆఫీసుకు వచ్చి, పాప బతుకుతుందని చెప్పారు. వెంకటాచలం గారి మొహం వెలిగిపోయింది. ఒక చిన్న వాక్యం చేర్చమని అడిగారు, 'అంతా ఆ తల్లి దయ' అని. ఆ తల్లి మేరీమాత అనుకున్నా అమ్మవారనుకున్నా ఫరవాలేదన్నారు. నేను కూడా ఊరుకోలేదు. మందు మార్చాక తగ్గిందని డాక్టరు చేత ఒక మాట చెప్పిస్తే బాగుంటుందేమోనన్నాను. ఈసారి అడిగాను, కోయలేదు.

ఆమె ఇద్దరి మాటా ఓపిగ్గా విన్నారు. "దేనివల్ల తగ్గిందో నాకు తెలిస్తే రాయనా సార్?" అని నవ్వి వెళ్లిపోయారు.

చివరి భాగం వచ్చింది. కొత్త మందు మొదలుపెట్టిన రోజునే అన్నమ్మ కొండ మీదినుంచి తెచ్చిన నూనె పాప నుదుట రాసింది. మూడో రోజు పొద్దున జ్వరం దిగింది. డాక్టరు తన మందు గురించి చెబుతున్నాడు, అన్నమ్మ మాత గురించి చెబుతోంది. ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతుంటే చిన్ని కళ్లు తెరిచి ఇడ్లీ కావాలంది. స్టెల్లా అందులోకి పంచదార కావాలా, కారప్పొడి కావాలా అని అడిగింది. అక్కడితో నవల అయిపోయింది.

ఆ కాగితాలు నేను చదివి వెంకటాచలం గారికిచ్చాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని మొదటినుంచి చివరిదాకా చదివారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"నా వాక్యం పెట్టలేదమ్మా."

"నాదీ పెట్టలేదండీ."

ఆయన చివరి పేజీ ఇంకోసారి చూసుకున్నారు. "పాప పంచదారే అడిగి ఉంటుంది" అన్నారు.

"కారప్పొడండీ" అన్నాను నేను.